ముల్లు నొక్కిన గాలాలు

వెస్ట్‌మీడ్‌లో మా పక్క ఫ్లాట్ ఆంటీ చేప ముట్టేవారు కాదు. కానీ అంకుల్ వేటకు కావలసిన గాలాలన్నీ ఆవిడే కట్టేవారు. సీసపు గుండున్న చిన్న కొక్కేనికి పాత పట్టుచీర పోగులు ఈకల్లా చుట్టి, ముడి బిగించి, చివరికి ప్లయర్స్‌తో కొక్కెం లోపలి ముల్లును నొక్కేసేవారు.

"ఆ ముల్లుంటేనే చేప జారదు ఆంటీ. లైబ్రరీ బుక్‌లో క్లియర్‌గా ఉంది," అన్నాను.

"దానికి నొప్పి కదమ్మా," అంటూ ఇంకోటి నొక్కారు.

ఆ ఆదివారం పులుసుకని చింతపండు నానబెట్టి మరీ అంకుల్‌తో ఉప్పునీటి సరస్సుకు వెళ్ళాను. నాకు పడిన మొట్టమొదటి చేప, పెద్ద ఫ్లాట్‌హెడ్, ఒడ్డుదాకా వచ్చి, తల విదిలించి వెళ్ళిపోయింది.

అంకుల్ పకపకా నవ్వారు. "నాకూ ఇదే వరసమ్మా. ఆవిడ గాలానికే పడతాయి, ఆవిడ మాటే విని వెళ్ళిపోతాయి."

సాయంత్రం ఆంటీ గుమ్మంలోనే అడిగారు. "పడిందా?"

"పడింది ఆంటీ, పోయింది. చాలా పెద్దది!"

"నా గాలానికేగా!" ఆవిడ ముఖం వెలిగిపోయింది.

నా చింతపండుతో ఆవిడే వంకాయ పులుసు పెట్టారు. మేం మారు వడ్డించుకుంటుంటే, ఆవిడ వచ్చే ఆదివారానికి ఎర్ర పోగులు ఏరుతూ కూర్చున్నారు.