మిద్దె మీద యాటకూర, కింద ఆకుకూర పప్పు

పోయిన వారం మార్కాపురంలో మా అన్నయ్య ఇంట్లో భోజనాల దగ్గర పెద్ద వాదమే నడిచింది. మా మేనకోడలు నెల తప్పింది. ఆమె భర్త కాలేజీ హాస్టల్లో గుడ్డు తినడం నేర్చుకున్న మనిషి. ఫోన్లో ఎవరో డాక్టరు మాటలు వినిపిస్తూ, మాంసంలో ఉన్న బలం పప్పులో ఎక్కడిది, కనీసం గుడ్డన్నా తినకపోతే ఎట్లా అన్నాడు. మేనకోడలు ఊరుకుంటుందా? తన ఫోన్లోంచి ఇంకో డాక్టరును బయటికి తీసింది. శనగలు, సోయా, పనీరు చాలవా, ఏనుగు ఏం తిని అంత పెరిగిందని ఆయన అడుగుతున్నాడు. ఇద్దరు డాక్టర్లూ ఒకేసారి మాట్లాడుతుంటే మా వదిన నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడి నవ్వుతోంది. "అత్తా, నువ్వు చెప్పు, ఎవరిది కరెక్టు?" అని మేనకోడలు నన్ను తీర్పు అడిగింది. నా ముద్ద చేతిలోనే ఉండిపోయింది. రక్తపరీక్ష చేయించుకున్నావా అని మాత్రం అడిగాను. వచ్చే వారం చూస్తామంది. ఆ మాటకు ముద్ద కంచంలో పెట్టేశాను. ఎందుకో వాళ్లకు తెలియదు. మా వదినకు తెలుసు, అందుకే నవ్వు ఆపేసింది.

నేను డిగ్రీ చదివే రోజుల్లో మా నాయనకు బజార్లో పలకల దుకాణం ఉండేది. ఇంటి ముందు గదుల్లో సరుకు, వెనక మేము, మిద్దె మీద ఒక రైతు కుటుంబం అద్దెకు. కురిచేడు వైపు పల్లె నుంచి పిల్లవాడి చదువు కోసం వచ్చి చేరారు. ఆ ఇల్లాలిని నేను పైఅక్క అని పిలిచేదాన్ని, ఆమె భర్తను బావా అనేదాన్ని. మా ఇంట్లో శనివారం వస్తే ఉల్లిగడ్డకు కూడా సెలవు. వాళ్లింట్లో ఆదివారం వస్తే యాటకూర. ఆ మసాలా వాసన మెట్లు దిగి రావడం ఆలస్యం, మా అవ్వ, అంటే మా నాయన తల్లి, కిటికీలన్నీ మూసి సాంబ్రాణి వేసేది. రెండూ కలిసి ఇల్లంతా ఒక కొత్త వాసన పుట్టేది. అది నాకు ఇష్టమని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పప్పు, నెయ్యి, పెరుగు తిన్నవాళ్లకు బుద్ధి పెరుగుతుందని, మాంసం తిన్నవాళ్లకు కండ పెరుగుతుందని అవ్వ సిద్ధాంతం. పప్పు తిన్నోడు పద్దు రాస్తాడు గానీ బస్తా ఎత్తలేడని బావ మా అన్నయ్యను ఆటపట్టించేవాడు. అన్నయ్య ఒకసారి పంతానికి పోయి పలకల పెట్టె ఎత్తబోయి నడుం పట్టేసి పడుకున్నాడు. దాంతో మాంసమే గెలిచిందని మిద్దె మీద తీర్మానం అయిపోయింది.

ఆ ఏడాది మా వదినా, పైఅక్కా కాస్త అటూ ఇటూగా ఒకేసారి కడుపుతో ఉన్నారు. వదినది కనిగిరి. తొలిచూలు. వేరే ఊళ్లలో కడుపుతో ఉన్నవాళ్లకు మట్టి మీదికి మనసు పోతుందంటారు. మా ఊళ్లో బలపాల మీదికి పోయేది. పలకల దుకాణం వాళ్లింట్లో వాటికేం కరువు? సరుకు కట్టేటప్పుడు విరిగిన బలపాలన్నీ ఒక గోనెసంచిలో మూలకు చేరేవి. అవ్వే వాటిలో సన్నవి ఏరి, కడిగి, ఎండబెట్టి, డబ్బాలో పోసి వదిన చేతికిచ్చేది. కడుపుతో ఉన్న పిల్ల కోరిక తీర్చకపోతే పుట్టే బిడ్డకు చెవుల్లో చీము కారుతుందని ఆమె నమ్మకం. మధ్యాహ్నం పూట వదిన, పైఅక్క మెట్ల మీద కూర్చుని, ఆ డబ్బా మధ్యలో పెట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ కరకరా నమిలేవాళ్లు. ఒక మెట్టు కింద నేను పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. ఆ చప్పుడు వింటూ ఎన్ని పాఠాలు చదివానో. అందులో భయపడాల్సింది ఉందని ఎవరికీ తోచలేదు.

వదినకు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని అమ్మ, నేను ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. ఆమె వదిన కింది రెప్ప లాగి చూసింది, గోళ్లు నొక్కి చూసింది. బలపాలు తింటున్నావా అని అడిగింది. వదిన తల వంచుకుంది. అది కడుపులో బిడ్డ కోరిక కాదని, ఒంట్లో రక్తం తగ్గినవాళ్లలో చాలామందికి పుట్టే కోరిక అని డాక్టరమ్మ చెప్పింది. మాంసంలో ఉండే ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుందట. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్నా ఒంటికి పట్టేది తక్కువట. అందుకని ముద్దలోకి నిమ్మకాయ పిండుకోవాలి, అన్నం తిన్న వెంటనే టీ కాఫీలు మానాలి, మాత్రలు ఒక్కరోజు కూడా తప్పకూడదు, వీలైతే గుడ్డు తినాలి అంది. గుడ్డు అనే మాటకు అమ్మ ఉలిక్కిపడి గుమ్మం వైపు చూసింది. డాక్టరమ్మ అదేం పట్టించుకోకుండా, "కాన్పులో రక్తం పోతే ఈ పిల్ల తట్టుకోలేదమ్మా" అంది. అమ్మ నా చేయి పట్టుకుంది. మా మేనత్త, అంటే అవ్వ కూతురు, తొలికాన్పులోనే పోయింది. నేను ఆమెను చూడలేదు. మా ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది.

ఆటోలో వస్తుంటే నాకు పైఅక్క గుర్తొచ్చింది. ఆమె కూడా బలపాలు తింటోంది కదా అన్నాను. "వాళ్లకేందే, ఆదివారమైతే యాటకూర. రక్తానికేం కొదవ?" అంది అమ్మ. నిజమే అనిపించింది. అనిపించినా భయం పోలేదు. ఇంట్లో మాత్రల సంగతే చెప్పాం. గుడ్డు, బలపం అనే రెండు మాటలూ అవ్వ చెవిన పడకుండా అమ్మ దాచింది.

ఆ ఆదివారం ఏదో వంకతో మిద్దె ఎక్కాను. బావా, ఆయన తమ్ముళ్లూ, పిల్లవాడూ తినేసి పడుకున్నారు. పైఅక్క ఒక్కతే వంటింట్లో కూర్చుని, అడుగంటిన గిన్నెలో అన్నం వేసి కలుపుకుంటోంది. కంచంలో ఒక్క ముక్క లేదు. ముక్కలేవి అక్కా అంటే నవ్వింది. "మొగోళ్లు తినినాక మిగిలితే గదమ్మీ. పులుసులోనే ఉంటదిలే సారమంతా." తిని, చేయి కడుక్కుని, గ్లాసుడు టీ తాగింది. లేవబోయి గోడ పట్టుకుని ఆగింది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. సాయం పడుతున్నట్టు ఆమె చేయి అందుకుని అరచేయి చూశాను. సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. ఇన్నాళ్లూ ఆ వాసనను చూసి మేమంతా ఆ ఇంట్లో బలం ఉందనుకున్నాం. ఉన్న బలం ఆమె దాకా రాలేదు.

కిందికొచ్చి అమ్మకు చెప్పాను. ఒకరింటి సంగతి మనకెందుకంది. నేను గొంతు పెంచి, డాక్టరమ్మ బలపం గురించి ఏమన్నదో మొత్తం అనేశాను. వసారాలో చాప మీద కూర్చుని బలపాలు ఏరుతున్న అవ్వ చేతులు ఆగిపోయాయి. ఆ మాట డాక్టరమ్మే అనిందా అని రెండోసారి అడిగి చెప్పించుకుంది. తర్వాత డబ్బా మూత పెట్టి దూరంగా జరిపింది. "నా బిడ్డ గూడా తినింది. నేనే ఏరి పెట్టినాను," అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే మాకు అంత భయం వేసేది కాదు.

అవ్వ లేచి, మెట్ల గోడ పట్టుకుని మిద్దె ఎక్కింది. వాళ్లు చేరినప్పటి నుంచి ఆమె ఆ గడప తొక్కలేదు. అందులోనూ ఆదివారం, యాటకూర వాసన మధ్యకు. బావ కంగారుగా లేచి పంచె సర్దుకున్నాడు. ఈ పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మంటే, మేము మాంసం తినేవాళ్లం, మా ఇంట్లో రక్తానికేం తక్కువ అవ్వా అన్నాడు. "తినేది నువ్వు నాయనా. మోసేది ఆ బిడ్డ. రేపు నువ్వు తీసకపోతావా, నన్ను తీసకపొమ్మంటావా?" అంది అవ్వ. మర్నాడు బావే తీసుకుపోయాడు.

పైఅక్క రక్తం మా వదిన కంటే తక్కువగా ఉంది. ఇక్కడ తన వల్ల కాదని డాక్టరమ్మ ఒంగోలుకు పంపింది. ఆ రోజుల్లో దుకాణంలో ఫోను మోగితే మా ఇంట్లో ఎవరి పని వాళ్ల చేతుల్లో ఆగిపోయేది. నాయన మాట్లాడినంతసేపూ మేము ఆయన ముఖం చూస్తూ నిలబడేవాళ్లం. ఏ పాఠశాలకో పలకలు కావాలట అంటే ఊపిరి పీల్చుకునేవాళ్లం. వదిన మాత్రం ఫోను మోగగానే రెండు చేతులూ కడుపు మీద వేసుకుని దేవుడి గదిలోకి పోయేది. చివరికి రావలసిన ఫోను వచ్చింది. నెలలు నిండకుండానే కాన్పయింది. రక్తం ఎక్కించి పైఅక్కను బతికించారు. ఆడపిల్ల, దక్కలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో మొదటి విస్తరి వదినదే. ఆమె తిని లేచేదాకా నాయన, అన్నయ్య ఆకలితో పంచాంగం తిరగేస్తూ కూర్చునేవాళ్లు. మునగాకు పప్పు, ఉలవచారు, నువ్వుల ఉండలు అవ్వే దగ్గర కూర్చుని తినిపించి, నిమ్మచెక్క తన చేత్తోనే పిండేది. టీ గ్లాసు వంటింట్లోంచే మాయమైంది. గుడ్డు సంగతి కూడా ఆమె చెవిన పడింది. మధ్యాహ్నం గుడికి పోవడం మొదలుపెట్టింది. ఆ వేళకు గుడి తలుపులు మూసి ఉంటాయని ఊరందరికీ తెలుసు. ఆమె తిరిగొచ్చేలోపు నేను పెరట్లో స్టవ్వు మీద గుడ్డు ఉడికించడం, వదిన ముక్కు మూసుకుని మింగడం, అమ్మ పెంకులు పూడ్చడం అయిపోవాలి. ఇంత చేసినా కాన్పు రోజు ఆసుపత్రి వరండాలో అవ్వ పళ్లు కటకటలాడటం నేను విన్నాను. మా మేనకోడలు క్షేమంగా పుట్టింది.

మరుసటి వేసవిలో పైఅక్కా వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. పోయే ముందు ఆమె మా పాపను ఎత్తుకుని అరచేతులు తిప్పి తిప్పి చూసింది. ఎర్రగా ఉన్నాయంది.

ఫోన్లలోని ఇద్దరు డాక్టర్లూ తప్పు చెప్పడం లేదు. ఎవరింట్లో ఎవరు చివర తింటారో మాత్రం ఇద్దరూ అడగలేదు. ఆ భోజనాల దగ్గర నేను తీర్పు చెప్పకుండానే చేయి కడుక్కుని, వచ్చే వారం కాదు, ఇప్పుడే ల్యాబుకు పోదాం పదమని మేనకోడలి చేయి పట్టుకున్నాను. ఇంత చిన్నదానికి ఇంత భయమేంది అత్తా అని నవ్వుతూ వచ్చింది. ఈ పిల్లకు పుట్టినరోజు వచ్చినప్పుడల్లా, పుట్టీ దక్కని ఆ ఇంకో పిల్లకు కూడా నేను మనసులో ఒక ఏడు కలుపుతూనే ఉన్నాను. కాలం గడిస్తే భయం తగ్గుతుందంటారు. నా భయం మాత్రం ఆ ఇద్దరితో పాటే పెరిగి పెద్దదైంది.