ఎల్లారెడ్డి దగ్గర ఇరవై నాలుగు మోటార్లు, ఒకటే పాస్‌వర్డ్

ఈ ప్రయాణానికి కారణం మా మేనత్త సాయవ్వ చేసిన ఫోన్. "బిడ్డా, మోటర్ చాలుజేస్తే రెండు నిమిషాలకే బందైతున్నది. నాలుగు దినాలాయె. వరి పొట్టకొచ్చింది, ఇప్పుడు నీళ్లు లేకుంటే తాలు తప్ప గింజ రాదు" అంది. ఆఫీసు కంప్యూటర్లలోకి దొంగలు దూరకుండా చూడడం హైదరాబాద్‌లో నా ఉద్యోగం. పొలం మోటారును ఫోన్‌తోనే నడిపే స్టార్టర్ డబ్బాను కిందటేడు అత్తకు కొనిచ్చింది కూడా నేనే. ఇక కుదురుగా కూర్చోవడం నావల్ల కాలేదు.

పొద్దున ఐదున్నరకు జేబీఎస్ బస్టాండులో కామారెడ్డి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు డబ్బులు లేని జీరో టికెట్, కానీ సీటు దొరకాలంటే కాస్త ముందే చేరాలి. రామాయంపేట వచ్చేలోపు గంగారాం అన్నకు ఏడుసార్లు ఫోన్ చేశాను. ఎల్లారెడ్డిలో మోటార్ల మెకానిక్ ఆయన. అత్తవాళ్ల ఊళ్లో ఇరవై నాలుగు డబ్బాలూ ఆయనే బిగించాడు. ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. భిక్నూర్ దగ్గర నీళ్లు నిండిన మళ్లు కనిపిస్తే సంతోషించాల్సింది పోయి ఇంకా కంగారు పడ్డాను.

ఎనిమిదిన్నరకు కామారెడ్డి. ఎల్లారెడ్డి బస్సుకు అరగంట ఉందంటే పూరీ తీసుకుని సగం వదిలేశాను. లింగంపేట మీదుగా గంటకు పైనే పడుతుంది. బస్సు ఆగిన ప్రతిచోటా డ్రైవరు మీద లోలోపలే విసుక్కున్నాను, పాపం ఆయన చేసిందేం లేదు. దిగేసరికి గంగారాం అన్న దుకాణం మూసి ఉంది. ముప్పై రూపాయలిచ్చి షేర్ ఆటోలో ఊరికి బయలుదేరాను.

"మీ ఊళ్ల మోటర్లన్నిటికి దిష్టి తాకిందట గదక్కా?" అని నవ్వాడు ఆటో అతను. నాకు నవ్వు రాలేదు.

అత్త పొలంలో మడి నెర్రెలు బారింది. గంగారాం అన్న అక్కడే, డబ్బా ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. "సిగ్నల్ లేదవ్వా, ఒస్తది" అని అత్తకు చెబుతున్నాడు. అనుమానం వచ్చి ఆయన ఫోన్ అడిగాను. బిక్కమొహం వేసి ఇచ్చాడు. అడిగినంత పంపితేనే మోటార్లు నడుస్తాయన్న బెదిరింపు మెసేజ్ అందులో ఉంది.

"పెండ్లి పత్రిక అని ఒచ్చింది చెల్లె. పత్రిక ఇచ్చినా సూడలేదంటే మాటొస్తది గదా, ఒత్తిన. గప్పటిసంది మోటర్ల యాప్ నా చేతిల లేదు."

అది పత్రిక కాదు, ఫోన్‌లోకి దూరే దొంగ యాప్. "మరి డబ్బాలో సిమ్ తీసేసి, చేత్తో నొక్కే పాత పచ్చ బటన్‌కు వైర్లు కలిపితే నడవదా?" అన్నాను.

"ఎందుకు నడువదు? గని ఇరవై నాలుగు డబ్బాలు తెరిస్తే ఎందుకని అడుగుతరు. ఏ మొకం పెట్టుకోని చెప్పాలె?"

డబ్బాల తాళంచెవులన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. "నీ పరువు కోసం ఊరి వరి ఎండాలా?" అని అరిచాను.

ఆయన తలెత్తి నెమ్మదిగా అన్నాడు. "'అన్నీ నీ నంబరు మీదనే పెట్టుకో అన్నా, ఒకటే పాస్‌వర్డ్ పెట్టు, యాదికుంటది' అని ఫోన్ల చెప్పింది నువ్వే గద చెల్లె."

నిజమే. ఆఫీసులో ఆ పని చేస్తే మనుషుల్ని నిలబెట్టి తిట్టేదాన్ని. ఇక్కడ మాత్రం పొలం మోటారే కదా, ఎవడికి కావాలి అనుకున్నాను. సిగ్గేసింది. రైతులందరినీ పిలిచి ఇద్దరం చెప్పేద్దాం అన్నాను.

పన్నెండు గంటలకు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రైతులంతా కూడారు. గంగారాం అన్న పత్రిక సంగతి చెప్పి ఆగిపోయాడు. మిగిలింది నేను చెప్పాను, నా మాట వినే ఆయన అలా పెట్టాడని. ఒకరిద్దరు గట్టిగానే తిట్టారు. అత్త నా వైపు చూడలేదు.

"ముందుగాల డబ్బాలు తెరువు గంగారాం. మాది ఆఖర్ల తెరువు. తప్పుల మా ఇంటి పాలు గూడ ఉన్నది" అంది అత్త.

ఒక్కో డబ్బాకు పావుగంట. నేను వైర్లు పట్టుకుని వెంట తిరిగాను, మధ్య మధ్య అత్త మడి వైపు చూస్తూ. ఇరవై నాలుగోది తెరిచేసరికి సాయంత్రం ఆరున్నర. అత్త తన చేత్తోనే పచ్చ బటన్ నొక్కింది. బోరు దగ్గర మొదట గాలి, తర్వాత నీళ్లు. అప్పుడు నా భుజం మీద చెయ్యి వేసింది. ఏడుపొచ్చేసింది.

అన్ని రోజుల ఆలస్యానికి అత్త మడిలో కొంత తాలు తప్పదు. దొంగ ఎవరో తెలియదు, పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. బ్యాంకుకు వేసినన్ని తాళాలు అన్నం పండే చోట వేయాలని నాకు ఎందుకు తోచలేదా అని ఇప్పటికీ మనసు కుదుట పడడం లేదు. మీరు ఊరికి వెళ్తుంటే ఒక పని చేయండి: ఎవరి డబ్బాకు వారి పాస్‌వర్డ్ పెట్టించి, పచ్చ బటన్ పనిచేస్తుందో లేదో ఒకసారి నొక్కి చూసి, తాళంచెవి ఆ ఇంటివాళ్ల చేతికే ఇచ్చి రండి.