తిర్జా లార్టర్ ఆఖరి చర్చి

నేను ఊరి బడిలో ఎనిమిదేళ్లు చదివాను, అంతే. అయినా ఇంగ్లండులోని మా నార్ఫోక్ కౌంటీలో పదిహేడు పాత చర్చిల తలుపులు నా చేతి పనే. సైకిలు మీద తిరిగి చూసినవి ఐదువందల ఎనభై. ఈ లెక్కలో నన్ను మించిన మనిషి ఒక్కతే, తిర్జా లార్టర్.

ముప్పై ఒక్క ఏళ్లు ఉత్తరాలు పంచుతూ దారిలో కనబడ్డ ప్రతి చర్చిలోకీ తొంగిచూసిన మనిషి ఆవిడ. రిటైరయ్యాక కౌంటీలోని పాతకాలపు చర్చిలన్నీ చూసి తీరాలని పంతం పట్టింది. డెబ్బయ్యో ఏట, 1998 జూన్‌లో, మిగిలింది ఒక్కటే: హాల్విక్. కప్పు కూలేట్టుందని ఆ శనివారం సాయంత్రం నాలుగింటికి దానికి తాళం వేసేస్తామని కాగితం అంటించారు. మళ్లీ తీస్తారో లేదో దేవుడికే ఎరుక.

ఆ శనివారం పొద్దున్నే ఇద్దరం సైకిళ్ల మీద బయల్దేరాం. దారిలో గ్రిమ్‌స్టోక్ చర్చి. రెండుసార్లు చూసిందే, అయినా గోడ మీది బొమ్మలు చూడకుండా తిర్జా కాళ్లు కదలవు. తాళం చెవి పక్కింటావిడ దగ్గరుంటుంది. అడిగి తెచ్చుకోవాలి, చూశాక ఆ ఇంటి గుమ్మం మేకుకి తగిలించి పోవాలి. మా దగ్గర అన్నిచోట్లా ఇదే పద్ధతి.

ఎనిమిది మైళ్లు తొక్కాక, రొట్టె తీద్దామని తిర్జా బుట్టలో చెయ్యి పెట్టింది. బయటికొచ్చింది జానెడు ఇనుప తాళం చెవి.

"ఓరి దేవుడో! జెత్రో, ఇది చూడు!"

"గ్రిమ్‌స్టోక్‌ది! రెండింటికి అక్కడ పెళ్లుందని ఆవిడ చెప్పిందిగా? రెండో చెవి కూడా లేదంది!"

"నువ్వు నస పెట్టబట్టే మర్చిపోయా."

"బుట్ట నీది, మతిమరుపు నీది, నింద నాకా? సర్లే, నువ్వు హాల్విక్ పో. నేనిచ్చొస్తా."

"పట్టుకొచ్చింది నేను, ఇచ్చేదీ నేనే. ఆ పెళ్లిపిల్ల తలుపు బయట నిలబడితే నాకు ముద్ద దిగుతుందా?"

అప్పటికే ఒంటిగంట దాటింది. వెనక్కి పోతే నాలుగింటికి హాల్విక్ చేరడం కల్ల. అది తెలిసే సైకిలు తిప్పింది. 1951లో కౌంటీ సైకిలు పందెం గెలిచిన వాణ్ణి, నాకే అందలేదు!

వెళ్లేసరికి రెండుంపావు. పెళ్లికూతురు సమాధి రాయి మీద కూర్చుని బిస్కెట్టు తింటోంది. చర్చి గంటలు మోగించేవాళ్లు "దొంగలొచ్చారహో!" అని అరిచారు. పెళ్లి జరిపించాల్సిన పాదిరమ్మ రోవెనా చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏంటమ్మా, ఈ వయసులో చర్చిని బుట్టలో వేసుకుపోతారా?"

తిర్జా తాళం చెవి చేతికిచ్చి, సంగతంతా చెప్పింది. చివర్లో అంది, "పోన్లెండి. నా హాల్విక్ పోయింది."

పాదిరమ్మ పకపకా నవ్వింది. "ఎక్కడికి పోతుంది? నా నెత్తిన ఏడు చర్చిలున్నాయి. హాల్విక్ తాళం వెయ్యాల్సింది నేనే! ఈ పెళ్లి అయ్యేదాకా నేను కదిలేదెలా? సైకిళ్లు గోడకి ఆనించి లోపలికి రండి. తర్వాత నా కారెక్కుదురు గాని."

ఐదింటికి హాల్విక్ చేరాం. కప్పు బాగున్న వైపే నిలబడమని పాదిరమ్మ మరీ మరీ చెప్పింది.

"జెత్రో! పైకి చూడు! దేవదూతల రెక్కలకి ఎరుపు ఇంకా పోలేదు!" అంటూ తిర్జా నా చొక్కా పట్టి లాగింది. కప్పు దూలాలకి చెక్కిన బొమ్మలవి, ఐదువందల ఏళ్ల నాటి రంగు! ఇద్దరం మెడలు నొప్పెట్టేదాకా చూశాం.

గుమ్మం దగ్గర వచ్చినవాళ్లు పేర్లు రాసే పుస్తకం ఉంది. తిర్జా తన పేరు రాసి, పక్కన "అన్నీ చూశాను" అని రాసింది. దాని కింద నేనూ రాశాను. హాల్విక్ పుస్తకంలో ఆఖరి పేరు నాదే.