జర్మనీ మీదుగా దాచేపల్లి

పర్చూరు రోడ్డు మీద బస్సు దిగి ఎవరినడిగినా వెంకటరావమ్మ కల్లుపాక చూపిస్తారు. ఆ దారి తమకెలా తెలుసో మాత్రం చెప్పరు. మిరపచేల గట్ల వెంట తాటిచెట్లు, వాటి పక్కన తాటాకుల పాక, పాకలో ఎత్తు స్టూలు మీద వెంకటరావమ్మ. మనిషి భారీ, గొంతు ఇంకా భారీ. ఆవిడ "ఏరా" అని కేకేస్తే దూరంగా కాయలు కోస్తున్న కూలీలు కూడా తమనేమోనని తలెత్తి చూస్తారు. రెండో లొట్టి కల్లు అడిగినవాడు ఊరి పెద్దయినా సరే, "చాల్లే, ఇంటికి పో. మీ ఆవిడ అన్నం ముందు పెట్టుకుని కూచునుంటుంది" అని పంపించేస్తుంది.

అంతటి మనిషి నోరూ ఒకే ఒక్క ప్రశ్నకి మూతపడేది. "అబ్బాయి ఏం చేస్తుంటాడండీ?"

అబ్బాయి ప్రేమ్‌చంద్. డిప్లొమా చదివి, హైదరాబాదులో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, ఏసీ గదిలో కూచుంటే తలనొప్పి వస్తోందని తిరిగొచ్చేశాడు. అప్పటికి తండ్రి బుల్లయ్య మోకాళ్ళు అరిగిపోయి చెట్టెక్కడం మానేశాడు. తండ్రి చెట్టెక్కే మోకుతాడు కొడుకు తన భుజాన వేసుకున్నాడు. పొద్దున చెట్లు, సాయంత్రం చెట్లు, మధ్యలో ఫోను. నెమ్మదస్థుడు, చూడ్డానికి చక్కగా ఉంటాడు. ముప్పై నాలుగొచ్చినా పెళ్ళి కాలేదు.

పెళ్ళికూతుళ్ళ తల్లిదండ్రులకి వెంకటరావమ్మ "మావాడిది బిజినెస్సండీ" అని చెప్పేది. అద్దె సూటులో తీయించిన ఫోటో ఇచ్చేది. "ఏం బిజినెస్సు?" అంటే "సొంత బిజినెస్సు" అనేది. ఆ తరవాత ప్రశ్నకి గుట్టు బయటపడేది. ఒకసారి చిలకలూరిపేట నుంచి ఒక పిల్ల తండ్రి వచ్చి, పాకలోనే కూచుని, లొట్టి ఖాళీ చేసి, మీసం తుడుచుకుని, "సరుకు అమృతమమ్మా. పిల్లని మాత్రం ఉద్యోగస్తుడికే ఇద్దామనుకుంటున్నాం" అన్నాడు. ఆ లొట్టి ఆయన నెత్తిన బోర్లిద్దామని వెంకటరావమ్మకి చెయ్యి దురద పుట్టింది. లోపల ఒక్క చుక్క కూడా మిగల్లేదని ఊరుకుంది.

ఆవిడ మీద జాలిపడే ముందు ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆరేళ్ళ కిందట కూతురు హారికకి దాచేపల్లి నుంచి సంబంధం వచ్చింది. కుర్రాడు త్రినాథ్. దూరపు చుట్టం, వాళ్ళ ఇంట్లోనూ కల్లు గీసే పనే. వాళ్ళమ్మ జయకుమారి పళ్ళూ పూలూ పట్టుకుని వస్తే, వెంకటరావమ్మ గుమ్మంలోనే నిలబెట్టి, "మా పిల్లని చెట్టెక్కేవాడికి ఇవ్వం వదినా, ఆఫీసుకెళ్ళేవాడికిస్తాం" అంది. కల్లు మీద బతుకుతూ, చెట్టెక్కే మొగుణ్ణి పక్కనే కూచోబెట్టుకుని అన్న మాట అది! జయకుమారి చేతిలో సంచి కింద పెట్టకుండానే వెనక్కి తిరిగింది. హారికని గుంటూరులో ఒక గుమాస్తాకిచ్చారు. అల్లుడు మంచివాడే, కాకపోతే అత్తగారివాళ్ళది మిరప వ్యవసాయమని ఆఫీసులో చెప్పుకుంటాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో దాచేపల్లి పేరెత్తితే వెంకటరావమ్మ టీవీ సౌండు పెంచేస్తుంది.

ఇలా ఉండగా ఆ ఇంట్లోకి యూరప్ వచ్చిపడింది. తెచ్చింది ప్రేమ్‌చందే. కల్లు మధ్యాహ్నానికే పులిసిపోతుంది, అక్కడివాళ్ళ బీరు మాత్రం నెలల తరబడి నిలవుంటుంది. ఆ కిటుకేదో కళ్ళారా చూసి రావాలని వాడి కోరిక. చెట్లు గీయని వానాకాలంలో వెళ్ళొద్దామనుకున్నాడు. ఒక్కణ్ణీ పంపనని, తనూ వస్తానని తల్లి పట్టుబట్టింది. ఒకరోజు పాకలో కూచుని వాడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. జర్మనీలో కొండల మధ్య ఊరు, గుమ్మం మీద సింహం బొమ్మ, లోపల ఎర్రటి మొహం, గళ్ళ చొక్కా వేసుకున్న పెద్దమనిషి, వెనక గోడ మీద కొమ్మలతో ఒక చెట్టు బొమ్మ.

"ఆ చెట్టేమిట్రా?"

"వాళ్ళ వంశవృక్షమే అమ్మా. పదకొండు తరాలుగా వీళ్ళు బీరే కాస్తున్నారు."

"పదకొండు తరాలా!" వెంకటరావమ్మ స్టూలు దిగింది. "అయితే వీళ్ళు మనవాళ్ళేరా."

"తెల్లగా ఉన్నారుగా," అన్నాడు బుల్లయ్య.

"చలి దేశమయ్యా. ఎండలో తిరక్కపోతే నువ్వూ అలాగే ఉందువు."

ఫోను దగ్గరికి లాక్కుని కొమ్మ కొమ్మా పరిశీలించింది. ప్రతి మగవాడి పేరు పక్కనా భార్య పేరు, ప్రతి ఆడపిల్ల పేరు పక్కనా భర్త పేరు. అట్టడుగున ఒకే పేరు, లీనా. దాని పక్కన ఖాళీ.

"ఈ పిల్ల పక్కన ఎవరూ లేరేం?"

"ఇంకా పెళ్ళి కాలేదేమోలే," అని ప్రేమ్‌చంద్ మోకు తీసుకుని చెట్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఎంత పని చేశాడో వాడికి తెలియదు.

వెంకటరావమ్మ బుర్ర ఆ ఖాళీ దగ్గరే ఆగిపోయింది. మన వైపు ఒక సంబంధం చూడాలంటే అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ ఆరా తీయడానికి చెప్పులరిగేలా తిరగాలి. ఎవరు లేచిపోయారో, ఎవరికి పిచ్చెక్కిందో ఎవరూ నిజం చెప్పరు. వీళ్ళేమో మొత్తం గోడకెక్కించి, కింద ఈడొచ్చిన పిల్ల ఉందని ఊరందరికీ కనబడేలా రాసిపెట్టారు. అన్నిటికీ మించి, "అబ్బాయి ఏం చేస్తుంటాడు?" అని ముక్కు చిట్లించే హక్కు లోకంలో లేనివాళ్ళు వీళ్ళొక్కరే! కొడుకు బీరు కిటుకు చూసుకుంటాడు, తను పిల్లని చూసుకుంటుంది. ఈ రెండో సంగతి కొడుక్కి చెప్పదలుచుకోలేదు.

గుంటూరు బ్రాడీపేటలో, కోచింగ్ సెంటర్ల మధ్య, మొహిద్దీన్ బాషా ట్రావెల్స్ ఆఫీసు ఉంది. ఆయన ఎక్కువగా మక్కాకి ఉమ్రా యాత్రకి మనుషుల్ని పంపుతాడు, సెలవుల్లో ఊటీ బస్సులు వేస్తాడు. ప్రేమ్‌చంద్ వెళ్ళి బీరు తయారుచేసే ఊళ్ళు చూడాలన్నప్పుడు ఆయన గడ్డం సవరించుకుని, "కోటలు చూడు బాబూ, మ్యూజియాలు చూడు. ఆ ఫ్యాక్టరీలెందుకు?" అన్నాడు. ఆ మర్నాడే వెంకటరావమ్మ ఒక్కతే వెళ్ళి ఎదురుగా కూచుంది.

"బాషాగారూ, మీరు నమాజు చేసుకునే మనిషి. ఆ సరుకంటే మీకు ఇబ్బందేనని నాకు తెలుసు. కానీ ఇది సరుకు సంగతి కాదు, సంబంధం సంగతి."

బాషా కుర్చీలో నిటారుగా కూచున్నాడు. "ముందే చెప్పొద్దా అక్కా! పెళ్ళి మాటయితే పుణ్యకార్యం. నస్రత్, ఆ కంప్యూటర్ తెరువమ్మా."

నస్రత్ బాషా కూతురు. ఇంగ్లీషు ఎం.ఏ. చదివి తండ్రికి సాయంగా ఉంటోంది. నవ్వాపుకుంటూ ఆ అమ్మాయి ఒక్కో దేశంలోనూ పాతకాలపు బీరు కుటుంబాల్ని వెతికి, వంశవృక్షాలు తెరమీదికి తెచ్చేది. వెంకటరావమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఖాళీలు చూసేది. బెల్జియంలో పెద్దపిల్లకి పెళ్ళయిపోయింది, చిన్నపిల్ల ఉంది, ఉండనివ్వమంది. చెక్ దేశంలో ఒక ఇంట్లో వరసగా ముగ్గురు మగవాళ్ళు నలభై నిండకుండానే పోయినట్టు తేలింది. "అమ్మో, తీసెయ్యండి" అంది. బాషా ఆ ఊరు కొట్టేశాడు.

ప్రేమ్‌చంద్‌కి ఈ ప్రయాణం తలా తోకా అర్థం కాలేదు. "బాషాగారూ, ఆ చెక్ ఊరే కదండీ అన్నిటికన్నా పాతది. అదెందుకు తీసేశారు?"

"ఆరోగ్యానికి మంచిది కాదు బాబూ."

"మరి ఈ బెల్జియం పల్లెటూళ్ళో ఏముందండీ?"

"వాతావరణం," అన్నాడు బాషా. అబద్ధం ఆడి ఎరగని మనిషి, చెవులు ఎర్రబడ్డాయి.

పిలవకుండా పిల్ల ఇంటికి ఎలా వెళతామని వెంకటరావమ్మ పేచీ పెట్టింది. అందుకని నస్రత్ సింహం బొమ్మవాళ్ళకి మెయిలు రాసింది. తాటికల్లు తీసే పాత కుటుంబం ఒకటి మిమ్మల్ని కలుసుకోవాలనుకుంటోంది అని. వాళ్ళు సంబరపడి, ముందు వీడియోలో మాట్లాడుకుందామన్నారు. ఆదివారం బాషా ఆఫీసులో, పట్టుచీర కట్టుకుని వెంకటరావమ్మ, తెల్లచొక్కా వేసుకుని బుల్లయ్య తెర ముందు కూచున్నారు. కొడుకు చెట్ల దగ్గర ఉన్నాడు.

తెర మీద గళ్ళ చొక్కా పెద్దాయన కనబడ్డాడు. పేరు యోసెఫ్. ఆయన ఇంగ్లీషు కూడా అంతంతమాత్రమే, నస్రత్ మధ్యలో ఉండి ఇటూ అటూ చెబుతోంది. బుల్లయ్య తన మోకాళ్ళు చూపించాడు. యోసెఫ్ పీపాలు దొర్లించీ దొర్లించీ పాడైన తన మోకాళ్ళు చూపించాడు. ఇద్దరూ ఒకరి మోకాళ్ళు ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. వెంకటరావమ్మకి వియ్యాలవారు కుదిరిపోయినంత ఆనందమైంది.

"అడుగమ్మా నస్రత్. వాళ్ళ అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా అని అడుగు."

నస్రత్ తడబడుతూ అడిగింది. యోసెఫ్ ముందు పకపకా నవ్వాడు. తరవాత వెనక్కి తిరిగి గోడ మీది చెట్టుకేసి చూశాడు. ఆయన ఆగి ఆగి చెప్పిందంతా నస్రత్ తెలుగులో చెప్పింది.

"లీనాకి పెళ్ళి ఎప్పుడో అయ్యేదట. పక్క ఊళ్ళో బీరు కాసే కుర్రాడొకడు వచ్చి అడిగాడట. మంచివాడట. ఈయనే పొమ్మన్నాడట. తెల్లవారకముందే లేచి పీపాలు దొర్లించే మొగుడు నా కూతురికి వద్దు, ఆఫీసువాడు కావాలి అన్నాడట. ఆ కుర్రాడు ఇంకో అమ్మాయిని చేసుకుని హాయిగా ఉన్నాడట. లీనా సిటీకి వెళ్ళిపోయి ఎవర్నీ చేసుకోలేదట. తన తరవాత ఈ బీరు పనికి ఇంక తాళమే అంటున్నాడు." నస్రత్ ఒక్క క్షణం ఆగింది. "మా పని తక్కువదని మా అమ్మాయికి చెప్పింది ఊళ్ళోవాళ్ళు కాదు, నేనే అంటున్నాడు అత్తా."

పాకలో ఎంతమంది తాగుబోతులు కలబడ్డా జంకని మనిషి చెంగు తీసుకుని మొహం తుడుచుకుంది. యోసెఫ్ కంగారుపడి, మీరు తప్పకుండా రండి, మా ఇంట్లోనే దిగండి అని చెప్పాడు. అలాగేనన్నట్టు తలాడించింది. ఆఫీసు మెట్లు దిగేటప్పుడు బాషా "సంబంధం ఏమైందక్కా?" అని అడుగుతున్నా ఆగకుండా బస్టాండు వైపు నడిచింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూచుంది. బయట కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు, ఘాటుకి బస్సంతా తుమ్ములు. బుల్లయ్య మెల్లిగా అన్నాడు.

"గుంటూరు నుంచి దాచేపల్లికి బస్సులు బాగానే ఉంటాయంట."

సౌండు పెంచడానికి ఆ బస్సులో టీవీ లేదు.

దాచేపల్లిలో త్రినాథ్‌కి ఒక చెల్లెలుంది, తేజశ్రీ. అన్న తాటిబెల్లం వండితే, ఆ పిల్ల పొట్లాలు కట్టించి ఊళ్ళకి పంపుతుంది. ఈ సంగతి వెంకటరావమ్మకి ఎప్పట్నుంచో తెలుసు. తెలిసే, వీసా తీసుకుని వెళ్ళాల్సిన దేశాల్లో పిల్లని వెతికింది. జర్మనీలో అయితే ఆవిడ అన్న మాట ఎవరూ గుర్తుపెట్టుకోలేదు మరి.

రెండు రోజులు పాకలో రెండో లొట్టి అడిగినవాళ్ళకి కూడా కసరకుండా పోసింది. మూడో రోజు పళ్ళూ పూలూ సంచిలో పెట్టుకుని బయల్దేరింది. దాచేపల్లిలో దిగేసరికి అక్కడి ఫ్యాక్టరీల సిమెంటు దుమ్ముకి పట్టుచీర తెల్లబడింది. జయకుమారి వాకిట్లో బెల్లం అచ్చులు ఆరబెడుతోంది. తలెత్తి చూసి, లేవకుండానే అంది.

"ఏం వదినా, దారి తప్పావా? జర్మనీకి ఇటు కాదే!"

వార్త ఇక్కడిదాకా వచ్చేసిందన్నమాట. పాకలో మాట పాకలో ఎందుకుంటుంది? వెంకటరావమ్మ గుమ్మం ముందు నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

"తేజశ్రీని మా ప్రేమ్‌చంద్‌కి అడుగుదామని వచ్చాను."

జయకుమారి చేతులు దులుపుకుని లేచింది. "అబ్బాయి ఏం చేస్తుంటాడు?" అంది, తనే పురిట్లో ఎత్తుకున్న పిల్లాడి గురించి.

"బిజి..." అని మొదలుపెట్టి వెంకటరావమ్మ ఆగిపోయింది.

"చెట్టెక్కుతాడు వదినా. కల్లు గీస్తాడు. వాళ్ళ నాన్నకన్నా శుభ్రంగా గీస్తాడు. అదే వాడి పని, వాడికిష్టమైన పని. చెప్పుకోవడానికి నాకే చేతకాలేదు. ఆ రోజు మీ త్రినాథ్‌ని అన్న మాట నా మొగుణ్ణి అన్నట్టే, నా కొడుకుని అన్నట్టే. తప్పు నాదే."

ఆరేళ్ళుగా తయారుచేసి పెట్టుకున్న జవాబులు చాలా ఉండాలి జయకుమారి దగ్గర. ఏది ముందు తీయాలో తేల్చుకోలేక కాబోలు, కొంగు బిగించి అలాగే నిలబడింది. వెంకటరావమ్మ సంచిలోంచి ఫోటో తీసి చాపింది. దాన్ని తీసుకున్నది తేజశ్రీ. ఎప్పుడొచ్చిందో తల్లి వెనక నిలబడి ఉంది.

"ఈ సూటెవరిది అత్తయ్యా?"

"అద్దెదమ్మా."

"సూటు చూసి నాకేం తెలుస్తుంది? చెట్టు మీద ఎలా ఉంటాడో చూడాలి." ఫోటో వెనక్కిచ్చి తల్లి వైపు తిరిగింది. "ఆదివారం మనమే వెళ్ళి చూసొద్దాం అమ్మా. ముందు అత్తయ్యని లోపలికి రమ్మను, ఎండలో నిలబెట్టావు."

జయకుమారి కూతుర్ని ఒకసారి గుర్రుగా చూసింది. తరవాత వెంకటరావమ్మ చేతిలోంచి సంచి అందుకుంది.

వెంకటరావమ్మ గడప దాటుతూనే ఫోను తీసింది. గొంతు మునుపటంత అయ్యింది. వీధి చివర టీ కొట్టు దగ్గరున్నవాళ్ళు తమనేమోనని వెనక్కి తిరిగారు.

"ఒరేయ్ ప్రేమూ! ఆదివారం నిన్ను చూసుకోడానికి వస్తున్నారు. గడ్డం గీసుకుని, రోడ్డు పక్కనున్న పెద్ద చెట్టెక్కు. దారినపోయే వాళ్ళందరికీ కనబడాలి!"