చేను మీద చూపు, పాఠం మీద చెవి

అడగకుండా ఉండడం రుక్కికి చేతకాని పని. బస్సెక్కితే పక్కామె సంచిలో ఏముందో, ఏ ఊరు పోతోందో, ఆ ఊళ్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో కనుక్కోనిదే దిగదు. కొత్తగూడ అడవి అంచున ఒక తండాలో పుట్టి, పక్క తండాకే కోడలుగా వచ్చింది. ఎండాకాలం తునికాకు కోసింది. మిరపకాయలు ఏరే రోజుల్లో చిట్యాల దాకా కూలికి వెళ్లింది. ఎక్కడికి వెళ్లినా అక్కడి వాళ్ల చుట్టరికాలన్నీ మూటగట్టుకునే తిరిగొచ్చింది. బడి గడప మాత్రం తొక్కలేదు. "బడిల సార్లు అడుగుతరంట, పిల్లలు చెప్తరంట. నన్ను తోలి ఉంటే నేనే సార్లను అడుగుతుంటి" అని నవ్వేది.

అలాంటి మనిషి ఆ పొద్దు ఆటోలో నోరు విప్పలేదు. ఆటో నడిపే హీర్యాది కూడా అదే తండా. కాసేపు చూసి చూసి వెనక్కి తిరిగాడు.

"ఏంది వదినా, నోటికి తాళమేసి ఇంటికాడ పెట్టొచ్చినవా?"

"బడికి పోతున్న. సార్ రమ్మన్నడు."

"మీ రాజీ ఏం చేసింది?"

"ఏం చేస్తలేదంట. గదే తిప్పలొచ్చింది."

రాజీ రుక్కి మనవరాలు, కొడుకు ప్రేమ్‌సింగ్ కూతురు. మండలంలో హైస్కూలు, బడి పక్కనే హాస్టలు. పదో తరగతి. ప్రేమ్‌సింగూ అతని భార్యా పట్నంలో బిల్డింగు పనికి వెళ్లి ఏళ్లు గడిచాయి. ఆ మధ్య పుట్టిన చిన్నపిల్లవాణ్ని అక్కడ చూసుకునే దిక్కు లేదు. పిల్లకు ధ్యాస లేదని సార్ అంటున్నాడనే కబురు అతని చెవిన పడగానే ఫోన్ చేశాడు.

"అమ్మా, నువ్వు పోయి సార్‌ను అడుగు. సార్ ఏం చెప్తే గదే. చదువుకు పనికి రాదంటే నేనొచ్చి తీసుకపోత. ఈడ తమ్ముణ్ని పట్టుకుంటది. ఉత్తగ ఆడ కూసొని ఏం చేస్తది?"

కోపంతో అన్నా బాగుండేది, మెల్లగా మాట్లాడి మారుమాట చెప్పించుకోవచ్చు. ప్రేమ్‌సింగ్ కోపంతో అనలేదు. అలసిపోయిన గొంతుతో అన్నాడు. అందుకే రుక్కికి భయం వేసింది.

ఆమె అనుమానమంతా ఫోన్ మీద. కరోనా వచ్చి బడులు మూసినప్పుడు పాఠాలన్నీ ఫోన్లోకి ఎక్కాయి కదా. ప్రేమ్‌సింగ్ తన పాత ఫోను పంపాడు. తండాలో సిగ్నల్ ఉండదు. ఇంట్లో లేదు, బోరు దగ్గర లేదు, గుట్ట మీద కూడా లేదు. చివరికి ఎక్కడ దొరికిందయ్యా అంటే, అడవిని ఆనుకున్న వాళ్ల మక్కజొన్న చేలో, పంట కాపలా కోసం కర్రలతో కట్టిన మంచె మీద. పైకి ఎక్కి కూర్చుంటేనే వస్తుంది, దిగితే పోతుంది.

దాంతో రెండు పనులు ఒక్కచోటే కలిశాయి. రాజీ మంచె ఎక్కి ఫోను ఒళ్లో పెట్టుకునేది. చెవిలో పెట్టుకునే వైరుకు ఒక పక్కే పనిచేసేది. ఆ చెవి సారుకి, రెండో చెవి చేనుకి. కళ్లు మాత్రం పూర్తిగా చేనువే. ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు మెల్లగా తిప్పుతూనే ఉండాలి. కంకి పాలు పోసుకునే రోజుల్లో రెప్పపాటు ఏమరితే చిలకల గుంపు దిగుతుంది, కోతులు దిగితే ఇక చెప్పనే అక్కర్లేదు. చేను ఎక్కడైనా కదిలితే "హోయ్!" అని కేక, ఆ వెంటనే ఒడిసెలలో పెట్టి ఒక రాయి. ఆ తర్వాత మళ్లీ పాఠం.

ఫోను తెరను చూసే పని రుక్కిది. కింద కలుపు తీసి అలసిపోతే పైకెక్కి మనవరాలి ఒళ్లోకి తొంగి చూసేది. ఆమెకు పాఠం కంటే సారు ముఖ్యం.

"గీయనకు పెండ్లి అయిందా? ఎనకాల గోడకు ఏసు బొమ్మ ఉన్నది, ఈయన కిరస్తానమా? ఏ ఊరు?"

"నర్మెట్ట అంట దాదీ. జర ఆగు, పాఠం పోతాంది."

"పోతే ఎనకకు తిప్పు."

నిజంగానే తిప్పేది. అదే ఆ ఫోన్లో రాజీకి దొరికిన భాగ్యం. తండాలో మాట వేరు, బడిలో తెలుగు వేరు. తరగతిలో సారు గబగబా చెప్పుకుపోతుంటే సగం మాటలు ఈ పిల్లకు అందేవి కావు. మళ్లీ అడుగుదామంటే వెనక బెంచీల వాళ్లు కిసుక్కుమనేవారు. ఫోన్లో నవ్వేవాళ్లు లేరు. లైవు అయిపోయాక సారు పంపే పాఠాన్ని ఆపి, వెనక్కి తిప్పి, అర్థమయ్యేదాకా వినేది. విన్నది రుక్కికి తండా మాటలో చెప్పేది. రుక్కి అడ్డం ప్రశ్నలు వేసేది. వాటికి జవాబు వెతకడానికి రాజీ మళ్లీ వెనక్కి తిప్పేది.

అట్లాగని ఫోనేమీ దేవత కాదు. ఒకనాడు పాఠం మధ్యలో ఎవరో అమ్మాయి డాన్సు చేసే వీడియో వచ్చి వాలింది. దాని వెంట ఇంకోటి, దాని వెంట మరోటి. చెవికి పాఠమూ లేదు, కంటికి చేనూ లేదు. రుక్కి కట్టెల మోపుతో వచ్చేసరికి చిలకలు అడవి వైపు సాళ్లను తీరిగ్గా ఒలుచుకు తింటున్నాయి. ఆ పొద్దు తిట్టిన తిట్లకు చిలకలు మాత్రం ఎగిరిపోయాయి, పాపం పిల్ల ఎక్కడికీ పోలేక మంచె మీదే కూర్చుని ఏడ్చింది.

పంట కోశాక కూడా మంచె పీకలేదు, సిగ్నలు అక్కడే ఉండేది కాబట్టి. తొమ్మిదో తరగతి అంతా, పదిలో కొన్నాళ్లూ అలా మంచె మీదే గడిచాయి. తర్వాత బడులు తెరిచారు. రాజీ హాస్టలుకు వెళ్లింది. వెళ్లిన కొన్నాళ్లకే ఈ కబురు.

దసరా సెలవులకు రాజీ ఇంటికొస్తే రుక్కి ఫోను తీసి జొన్నల కుండలో దాచింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసి, ఆ ఘాటుకి ముందు తానే దగ్గింది. "ఏమైతాంది బిడ్డా నీకు?" అని అడిగితే పిల్ల తల వంచుకుంది. "తెల్వది దాదీ. సార్ మొకం చూస్తే ఇన్న మాటలన్ని ఉరికిపోతయి" అంది. ఆ మాట విన్నాక రుక్కికి తిండి సయించలేదు.

బడి వరండాలో కృపాకర్ సార్ ఎదురొచ్చాడు. రుక్కి గుర్తుపట్టింది. పరేషాన్‌లో ఉండి కూడా ఊరుకోలేక, "మీ ఇంట్ల గోడకున్న ఏసు బొమ్మ జర పక్కకు ఒరిగి ఉండె సారూ, సరిచేసిండ్రా?" అంది.

సార్ తెల్లబోయాడు. "నీకెట్ల తెలుసమ్మా?"

"ఫోన్ల చూస్తుంటి గదా."

ఆయన నవ్వాడు. కానీ కూర్చోబెట్టి చెప్పింది మాత్రం నవ్వే మాట కాదు. "అమ్మా, రాజీ మంచి పిల్ల. ఫోన్ల పాఠాలు చెప్పినప్పుడు అడిగినవాటికి అందరికన్న ముందు జవాబిచ్చేది. బడి తెరిచినంక చూస్తే గీ తీరు. పాఠం చెప్తుంటే కిటికీలకెల్లి బయటికి చూస్తది. బోర్డు చూడుమంటే చూస్తది గానీ, అప్పుడు అడిగితే ఒక్క ముక్క చెప్పది. ఇంటికాడ ఏమన్న బాధ ఉందా?"

"ఏం లేదు సారూ. దవాఖానకు తీసుకపోవాల్నా?"

"ముందు నువ్వే వచ్చి వెనక కూసొని చూడు."

రుక్కి తరగతి గదిలో చివరి బెంచీ మీద కూర్చుంది. జీవితంలో మొదటిసారి. పిల్లలు వెనక్కి తిరిగి తిరిగి చూశారు. రాజీ సిగ్గుతో చచ్చిపోతూ కిటికీ వరుసలో కూర్చుంది. సార్ బోర్డు మీద గుండె బొమ్మ గీశాడు. నాలుగు గదులు, వచ్చే రక్తం, పోయే రక్తం. "రాజీ, ఇటు చూడు" అన్నాడు. చూసింది. అంతా చెప్పి, "చెడు రక్తం మొదలు ఏ గదికి వస్తది?" అన్నాడు. రాజీ నోరు తెరిచింది, మూసింది. ముందు బెంచీలో నరేందర్ అనే పిల్లాడు కిసుక్కుమన్నాడు.

రుక్కికి కొడుకు ఫోను గుర్తొచ్చింది. ఇక ప్రేమ్‌సింగ్‌కు ఏం చెప్పాలి?

సార్ నిట్టూర్చి పాఠంలోకి వెళ్లిపోయాడు. రక్తం ఊపిరితిత్తులకు పోయే దారి, తిరిగొచ్చే దారి చెబుతున్నాడు. రాజీ చూపు మళ్లీ కిటికీ దాటింది. బయట ఖాళీ మైదానం, ప్రహరీ గోడ, నాలుగు మేకలు. రుక్కి ఆ పిల్ల కళ్లనే చూస్తోంది. ఆ కళ్లు మేకల దగ్గర ఆగలేదు. మైదానం ఈ కొస నుంచి బయల్దేరి మెల్లగా ఆ కొసకు పోయాయి. అక్కడొక క్షణం నిలిచి, అంతే మెల్లగా వెనక్కి వచ్చాయి. మళ్లీ పోయాయి.

రుక్కి లేచి నిలబడింది.

"సారూ, జర ఆగు. మా రాజీ ఏం చేస్తాందో తెలుసా? చేను కాస్తాంది!"

తరగతి గొల్లుమంది. రాజీ ఉలిక్కిపడి తిరిగింది.

"తిరుగకు ఛోరీ, అటే చూడు. సారూ, ఇప్పుడు చెప్పిన పాఠం ఇప్పుడే అడుగు. దాని మొకం మీ దిక్కు తిప్పకుండ అడుగు."

కృపాకర్ సార్‌కు ఏమీ అర్థం కాలేదు, అయినా అడిగాడు. "ఊపిరితిత్తుల కాడ మంచిగైన రక్తం ఎక్కడికొస్తది రాజీ?"

రాజీ మైదానం వైపే చూస్తూ, "ఎడమ కర్ణికకు సార్. ఆడికెల్లి ఎడమ జఠరికకు. ఆడికెల్లి పెద్ద ధమని పట్టుకొని ఒళ్లంత పోతది. జఠరిక గోడ ఎందుకు మందమో చెప్తుండంగ మీకు దగ్గొచ్చింది. ఆ ముక్క మీరు మళ్ల చెప్పలే" అంది.

సార్ సుద్దముక్క బల్ల మీద పెట్టేశాడు.

"ఫోన్ల పాఠం చెప్పేటప్పుడు మధ్యల మధ్యల 'హోయ్' అని వినపడేది. గది నువ్వేనా?"

"చిలకలు సార్" అంది రాజీ నేల చూస్తూ.

"అయ్యో! నన్ను ఎక్కిరిస్తుండని నేను నరేందర్‌ను తిట్టిన గదనే!"

"నేను కాదని మొత్తుకున్న సార్!" అని లేచాడు నరేందర్. ఈసారి నవ్వింది అందరికంటే గట్టిగా సారే.

మంచె మీద ఫోను ఒళ్లో, చూపు చేలో ఉంచి, అందని మాటను వెనక్కి తిప్పుకుంటూ పాఠం విన్న సంగతంతా రుక్కి చెప్పింది. కళ్లు అలా తిరుగుతుంటేనే ఆ పిల్ల చెవికి పాఠం ఎక్కడం అలవాటైంది. ఎదురుగా మనిషి ముఖం కనిపిస్తే చూపు ఆగుతుంది, చూపు ఆగితే వినికిడీ ఆగుతుంది. జబ్బూ కాదు, బద్ధకమూ కాదు.

సార్ రాజీ వైపు తిరిగాడు. "కిటికీ కాడనే కూసో, నేనేమన. కానీ పరీక్షల చూపు కాయితం మీద నిలవాలె గదా బిడ్డా. రోజూ కొంచెం కొంచెం బోర్డు చూసుడు అలవాటు చేద్దాం. ఇంకోటి, ఒక్కసారి చెప్తే నీకు అందుతలేదు. ఫోన్ల తిప్పుకున్నట్టు ఈడ తిప్పరాదు. అడుగుతవా మరి?"

రాజీ వెనక బెంచీల వైపు ఒకసారి చూసింది. "నవ్వుతరు సార్."

"నవ్వనీ, నేను నీకంటె ఎక్కువ అడుగుత. ఎవరన్న నా మీద గెలిచిండ్రా?" అంది రుక్కి వెనక నుంచి. రాజీ పెదవుల మీదికి నవ్వొచ్చింది. మెల్లగా చెయ్యెత్తింది.

"జఠరిక గోడ ఎందుకు మందం సార్?"

సార్ సుద్దముక్క మళ్లీ చేతికి తీసుకున్నాడు.

బయటికొచ్చాక, రోడ్డు మీద ఆటో ఆపుకుని ఉన్న హీర్యా ఫోను తీసుకుని రుక్కి పట్నానికి కలిపింది. వెనకాల ఇటుకలు దింపే చప్పుడు.

"ఏమన్నడమ్మా సార్?"

"మంచిగున్నది నీ బిడ్డ. జర కొత్త తీరుగ ఇంటది, గంతే. సార్ ఉండనియ్యి అన్నడు. పది పాసైతదన్నడు."

సార్ ఆఖరి మాట అనలేదు. అయినా రుక్కి నాలుక తడబడలేదు.

"సరే అమ్మా. ఆడ్నే ఉండనీ. చిన్నోణ్ని మేమే ఎట్లన్న చూసుకుంటం."

స్పష్టంగానే వినబడింది. అయినా రుక్కి రోడ్డుకు అవతల, కిటికీ దగ్గర కనిపిస్తున్న ఆ చిన్న తలను చూస్తూ ఫోనును చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"ఏమన్నవ్ కొడుకా? ఇటుకల చప్పుడు. మళ్లొక్కసారి చెప్పు."