గొర్రెల మిషన్‌తో పెంచిన కండ

నా కుడిచెయ్యి నా కానిస్టేబుల్ ఉద్యోగాన్ని ముంచిన కథ ఇది. నవ్వేవాళ్ళు ముందే నవ్వేయండి, చివర్లో నా మీద జాలి పుట్టే ప్రమాదం ఉంది.

సెలక్షన్‌లో పరుగంటే నాకు భయం లేదు. ఇనుప గుండే నేనెంత విసిరినా నన్ను వదల్లేక కాళ్ళ దగ్గరే పడేది. అప్పుడే సూర్యాపేట లైబ్రరీలో, కిర్రుమనే ఫ్యాను కింద, ఒక పత్రిక దొరికింది. వ్యాయామం చేశాక కండరాలకు అల్ట్రాసౌండ్ పెడితే ఇంకాస్త పెరుగుతాయేమోనని పరిశోధిస్తున్నారట. ఆ ‘ఏమో’ను నేను చదివీ చదవనట్టు దాటేశాను.

మిర్యాలగూడలో ఫిజియోథెరపీ డాక్టర్ని అడిగాను.

“అది నొప్పులకు పెడతం తమ్మీ. కండ పెరుగుతదని ఇంకా తేలలే. రోజూ గుండు ఇసురు, గంతే.”

ఇంత మంచి సలహా ఊరికే ఎవరిస్తారండీ? బయట బెంచీ మీద నాలాగే సెలక్షన్‌కు తయారవుతున్న ఒకడు కూర్చున్నాడు. జబ్బలు గుమ్మడికాయల్లా ఉన్నాయి. డాక్టర్ వాడికి గుట్టుగా మిషన్ పెడుతున్నాడని, ఇద్దరూ కుమ్మక్కయ్యారని అక్కడికక్కడే తేల్చేశాను.

కోదాడలో మా మేనమామ కొడుకు సైదులు ఉన్నాడు. ఊరూరా తిరిగి, ఏ గొర్రె సూడితో ఉందో అల్ట్రాసౌండ్ మిషన్‌తో చూసి చెబుతాడు. జబ్బ మీది వెంట్రుకలు గొరిగించుకుని మరీ వాడి ముందు కూర్చున్నాను.

“ఏమైంది బావా, ఇరిగిందా?”

“లేదు. మిషన్ పెట్టి రుద్దు.”

“ఎందుకు?”

చెబితే ఇంకేమన్నా ఉందా! వీడు మందమందకూ చాటుతాడు, పోటీవాళ్ళందరూ ఇక్కడే వరస కడతారు.

“అడగకురా. రుద్దు.”

“తెర మీద ఏం కనవడ్తలేదు బావా.”

“కనపడకపోతేనే మంచిది!”

వాడు నన్ను రోగమొచ్చిన పొట్టేలును చూసినట్టు చూశాడు. అయినా అడిగినప్పుడల్లా రుద్దాడు. లోపల కండ ఎదుగుతోంది కదా, కదిలిస్తే చెడుతుందని నేను గుండు ముట్టడమే మానేశాను. నిండు చూలాలిని కాపాడినట్టు ఆ చేతిని కాపాడాను.

సెలక్షన్ రోజు గుండు విసిరాను. గీతకు ఆమడ దూరం ఇవతలే పడింది.

“సార్, ఈ గుండు బరువెక్కువుంది. నాకు అనుమానంగా ఉంది.”

“నీ ముందటోళ్ళందరు ఇసిరింది గిదే. ఇగ నడువ్!”

ఉద్యోగం పోయింది. తిన్నగా కోదాడ వెళ్ళి సైదులు మీద పడ్డాను. “నీ మిషన్‌లో పవర్ లేదురా!” అని మొత్తం కక్కేశాను.

వాడు నవ్వి నవ్వి గోడకు చారగిలబడ్డాడు. “బావా, దవాఖాన మిషన్ వేరు, గిది వేరు. గిది కడుపుల పిల్ల ఉందా లేదా సూపిస్తది, గంతే. పొట్టేలు జాడ లేకుండ ఉత్త మిషన్ రుద్దితే ఏ గొర్రెన్న సూడి కడతదా?”

అందుకే, లైబ్రరీలో కిర్రుమనే ఆ ఫ్యాను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీద లోకంలో ఎవరిని అనుమానించాలన్నా, మొదట నన్ను అనుమానించాకే మిగతావాళ్ళ జోలికి వెళ్తాను.