బడ్జ్ బడ్జ్ డాబా మీది వర్షమాపకం

న్యూ టౌన్‌లో నేను పోస్ట్‌డాక్ పరిశోధకురాలిగా చేసే పని ఒక్క మాటలో చెప్పవచ్చు. కంప్యూటర్ ఊహించిన వానను, నేల మీద నిజంగా పడిన వానతో గంటగంటకూ సరిదిద్దడం. కొలిచే పరికరాలు మాకు చాలినన్ని లేవు. అందుకని ఒక్కోసారి ఒక పరికరం పంపిన కొలతలను పక్కన పెట్టి, పాత అంచనాను మళ్ళీ నడిపి చూస్తాం. అది లేకపోయినా అంచనా చెడకపోతే, దాన్ని విప్పి మరో చోట పెడతాం.

బస్సులో వెళ్ళేంత దూరంలో, నది ఒడ్డున మిల్లుల ఊరు బడ్జ్ బడ్జ్. అక్కడ మా వర్షమాపకం పిన్ని వాళ్ళ డాబా మీద ఉండేది. పిన్ని మా అమ్మకు వరసకు చెల్లెలు. బాబాయి శ్రీకాకుళం నుంచి వచ్చి, జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు బెరుకు. నోరు తెరిచి అడగగలిగిన డాబా అదొక్కటే. వాన నీళ్ళు పట్టే దాని గరాటులో ఆకులు పేరుకోకుండా తుడిచే పని బాబాయే పెట్టుకున్నాడు.

"కాకులు రోజూ నీ గరాటులో తానాలాడతన్నాయే. అదీ వానలో కలిపేసుకో" అని ఫోన్లో ఏడిపించేవాడు.

వేసవిలో బాబాయి గుండె ఆగి పోయాడు. వానలు మొదలయ్యాక, ఆ పరికరం ఉంచాలో తీసేయాలో తేల్చమన్నారు మా ప్రొఫెసర్. అది మా వాళ్ళ ఇల్లని ఆయనకు చెప్పలేదు. దాని కొలతలు లేకుండా అంచనా నడిపి, పాతదీ కొత్తదీ రెండు వాన పటాలూ పక్కపక్కన పెట్టుకున్నాను. నది వంపు దగ్గర వాన రంగు కాస్త పలచబడింది, అంతే. వేరే రోజులకూ నడిపి చూశాను. అంతే. ఆ రోజు డైరీలో ఆ పలచని రంగు గురించి తప్ప ఇంకేమీ రాయలేకపోయాను.

విప్పడానికి వెళితే పిన్ని నా వెనకే మెట్లెక్కింది.

"ఇది లేకపోతే నీ లెక్కకి ఏటవుద్దే?"

"ఏమీ అవదు పిన్నీ."

మరోలా చెప్పాలని బస్సులో అనుకుంటూనే వచ్చాను.

"ఏటీ అవ్వదా" అంది. మళ్ళీ తనే, "మీ బాబాయి ఇనుంటే మీ సారుతో తగువేసుకునీవోడు" అని నవ్వబోయింది.

గరాటులో ఒక్క ఆకు లేదు. పిట్టగోడ మీద బాబాయి పాత లుంగీ ముక్క, ఇప్పుడే తుడిచి పిండి ఆరేసినట్టు తడిగా ఉంది.

"ఇకన ఇక్కడ వాన పడితే నీకెలా తెలుస్తాది?"

"నువ్వు ఫోన్ చెయ్యి."

"సేత్తాన్లే."

ఇంతవరకూ చెయ్యలేదు. గుర్తు చెయ్యడానికి నాకూ నోరు రాలేదు. బడ్జ్ బడ్జ్‌లో వాన పడిందో లేదో కంప్యూటర్ చెబుతూనే ఉంది, దాదాపు సరిగ్గానే.